మెట్ట దేశానికి ఒకే ముద్ర

నేను దేశం పెట్టింది ఫిబ్రవరి నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండూ ఇరవైకి. కరెంటు అప్పుడే వచ్చింది. మళ్ళీ పోయేలోపు రాజ్యాంగం పూర్తి చేశాను.

ఉదయగిరి బస్టాండు దగ్గర నాకొక డీటీపీ షాపు ఉంది. పెళ్ళి ఫ్లెక్సీలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, చనిపోయినవాళ్ళ ఫ్లెక్సీలు చేస్తాను. మూడింటికీ వెనకాల ఒకే నీలం ఆకాశం వాడతాను. ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆ రోజు గిరాకీ లేదు. పేపర్లో మళ్ళీ జిల్లాల సరిహద్దులు మారుస్తారని ఏదో రాశారు. టీ తాగడానికి వచ్చినవాళ్ళంతా ఆ పేపరు మీద పడ్డారు. మన మెట్టను ఏ జిల్లాలో కలిపినా ఒరిగేదేమీ లేదని, సోమశిల నీళ్ళు ఆత్మకూరు దాకా వచ్చి అలిసిపోయి కూర్చున్నాయని, మన దాకా వచ్చేవి నీళ్ళ ఫోటోలేనని మాట్లాడుకున్నారు.

"మనమే ఒక దేశం పెట్టుకుంటే పోలా?" అన్నాడు తిరుపాలు.

తిరుపాలు నా ఈడువాడే, మా ఊరివాడే. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కుతాడు. వాడు మాటవరసకి అన్నాడు. నేను టైపు చేశాను.

దేశం పేరు మెట్ట దేశం. ఉదయగిరి, సీతారామపురం, దుత్తలూరు, మూడు మండలాలు. జాతీయ జంతువు గొర్రె. జాతీయ వృక్షం సర్కారు తుమ్మ, ఎందుకంటే మిగతావి బతకలేదు. జాతీయ క్రీడ బస్సు కోసం ఎదురుచూడడం. జెండా మీద చెక్క గరిటె. ఆత్మకూరు, దాని కింద ఉన్నదంతా దిగువ దేశం. అక్కడివాళ్ళు పైకి రావాలంటే అనుమతి కావాలి. ఏడో నిబంధన: ఏడాదికి రెండు పంటలు వరి పండించేవాళ్ళకు మా దేశంలో ప్రవేశం లేదు. అది రాసేటప్పుడు నేను ఎవర్నీ మనసులో పెట్టుకోలేదు. ఆరు నిబంధనలు మెత్తగా వచ్చాయి, ఏడోది కాస్త గట్టిగా ఉంటే బాగుంటుందనిపించింది, అంతే.

పైన ఉత్తర్వు నంబరు వేసి, కింద ఎవరికీ చదవరాని సంతకం పెట్టి, మా ఊరి గ్రూపులో వదిలాను. మా ఊరు బోడిమెట్ట. ఆత్మకూరు రోడ్డు నుంచి చీలిన మట్టిదారిలో రెండు కిలోమీటర్లు. సాయంత్రానికి ఊళ్ళో సగంమంది నవ్వారు. మిగతా సగంమంది కొత్త దేశంలో రేషన్ ఎక్కడిస్తారని అడిగారు.

మా అమ్మ చెంచులక్ష్మి పుట్టిల్లు ఆత్మకూరు పక్కన. ఆమె పౌరసత్వం సంగతేమిటని తిరుపాలు మా వాకిట్లో కూర్చుని లేవనెత్తాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయినా దిగువ దేశపు మనిషే కదా అని నేనన్నాను. అమ్మ సంగటి గెలుకుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"సరేరా. నన్ను పంపించేటప్పుడు ఈ తెడ్డు గూడా పంపండి. మా పుట్టింటిదే."

మంత్రివర్గం ఆకలిని దృష్టిలో పెట్టుకుని ఆమెకు అక్కడికక్కడే పౌరసత్వం ఇచ్చింది.

నాయన ఈ చర్చలో పాల్గొనలేదు. నాయన పేరు మునెయ్య. ఎనభై రెండు గొర్రెల మంద ఆయనది. చదువు రాదు. మనుషుల పేర్లు కూడా మర్చిపోతాడు గానీ, గొర్రె చెవి కోత చూసి, వీపు మీది రంగు గుర్తు చూసి, అది ఏ ఊరి మందదో, ఎవరి దొడ్లో పుట్టిందో చెప్పేస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో గొర్రె తప్పిపోతే, పోలీసుల దగ్గరికి పోయేముందు మా నాయన దగ్గరికి వస్తారు.

నా దేశం ఆ వారంలోనే చచ్చిపోవాల్సింది. రామనారాయణ బతికించాడు. ఆయన పోయిన పంచాయతీ ఎన్నికల్లో పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. అప్పటినుంచి ఒక సమస్య కోసం వెతుకుతున్నాడు. మట్టిదారి మొదట్లో, తారురోడ్డు దిగేచోట, రెండు కర్రలు పాతించి అడ్డంగా వెదురుబొంగు కట్టించాడు. నా ఉత్తర్వును ఆరడుగుల ఫ్లెక్సీ వేయించాడు, నా షాపులోనే. కాయితం మీద మెట్ట దేశం మూడు మండలాలు. నేల మీద పన్నెండడుగుల బొంగు. పక్కన తాటాకు పందిరి, పందిరి కింద బల్ల, బల్ల వెనక నేను. ఇమిగ్రేషన్ ఆఫీసర్ని.

తిరుపాలు తాను గరిటెలు చెక్కే నర్దిచెక్కతోనే ముద్ర చెక్కిచ్చాడు. అరచేయంత గుండ్రం. మధ్యలో గరిటె, పైన 'మెట్ట దేశం', కింద 'ప్రవేశం లేదు'. 'ప్రవేశం ఉంది' అని ఇంకొకటి చెక్కేదా అని అడిగాడు. ఒకటి చాల్లేరా, రానిచ్చేవాళ్ళకి ముద్రెందుకు అన్నాను.

మొదటి వారం బాగా గడిచింది. ప్లాస్టిక్ బిందెలవాణ్ణి ఆపి, ఈ బిందెలు ఎప్పుడైనా దిగువ నీళ్ళు తాగాయా అని విచారణ చేశాను. ఐసుబండి అతను నవ్వుతూ వచ్చి, నాకొక పుల్లైసు ఇచ్చి, ముద్ర వేయించుకుని లోపలికి పోయేవాడు. ప్రవేశం లేదు అనే కాయితం చూపించి రోజూ ప్రవేశించిన ఒకే ఒక్క మనిషి. దిగువన ఒక ఊరివాళ్ళు మా ఉత్తర్వునే తీసుకుని, పేర్లు తారుమారు చేసి, నా అచ్చుతప్పులతో సహా వాళ్ళ గ్రూపులో పెట్టుకున్నారట. దౌత్య సంబంధాలు మొదలయ్యాయని తిరుపాలు సంతోషించాడు.

రెండో వారంలో ఊరి కుంట అడుగు కనపడింది. బోర్లు బురద కక్కాయి. అప్పుడు బొంగు దగ్గర నవ్వు తగ్గింది. నేను షాపుకు పోయినప్పుడు కూడా నలుగురు అక్కడ కూర్చోవడం మొదలుపెట్టారు, చేతిలో కర్రలతో. బయటి మనిషి ఒకడొస్తే ఒక బిందె ఖర్చు, వాడి బండికి రెండు బిందెలని రామనారాయణ తేల్చాడు. అది ఉత్తుత్తి దేశమని అందరికీ తెలుసు. కర్రలు మాత్రం ఉత్తుత్తివి కావు.

శీనయ్య వచ్చింది అప్పుడు.

శీనయ్య ప్రతి ఏడూ శివరాత్రి దాటాక మా ఊరు వస్తాడు. ఆత్మకూరు దగ్గర కాలువ కింద ఆయనకు మాగాణి ఉంది. వరి కోత అయ్యాక నాయన మంద అక్కడికి దిగుతుంది. పగలంతా కొయ్యకాళ్ళు మేస్తాయి, చీకటి పడితే ఆ మళ్ళలోనే మంద కడతారు. గొర్రెపెంట పడిన చేనుకు ఇంకో ఎరువు అక్కర్లేదు. వానలు పడేదాకా గొర్రెలకు మేత, చేనుకు సత్తువ. ఎండాకాలం మా మంద బతికేది ఆ మళ్ళ మీదే. అయితే పిలవకుండా మంద దిగదు. చేనుగల మనిషి స్వయంగా రావాలి. గుడ్డసంచిలో కొత్తబియ్యం, తమలపాకులు, ఒక తువ్వాలు తేవాలి. మంద ముందర నిలబడి "మా చేలోకి రండి" అనాలి. పిలవాల్సింది కాపరిని కాదు, మందను. ఫోనులో పిలిస్తే చెల్లదు. నాయన వాళ్ళ నాయన కాలం నుంచీ అంతే.

శీనయ్య వాళ్ళది బాప్టిస్టు చర్చి. ఆయన భార్య లిదియమ్మ ప్రార్థన చేసి ఆ తమలపాకులు సంచిలో పెడుతుంది. మా నాయన వాటిని తీసి గంగమ్మకు చూపించి నములుతాడు. ఇద్దరు దేవుళ్ళలో ఎవరికీ అభ్యంతరం వచ్చినట్టు లేదు. నా చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఆ మళ్ళలోనే గడిచాయి. లిదియమ్మ పెద్దమ్మ చేసిన చేపలపులుసుతో పెరిగాను. శీనయ్యను పెదనాయనా అంటాను.

ఆ రోజు పదకొండు గంటలకు టీవీఎస్ బండి మీద వచ్చాడు, ముందర సంచితో. బొంగు చూసి బండి ఆపి దిగాడు. ఫ్లెక్సీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఆయన ఏది చదివినా పూర్తిగా చదువుతాడు. తర్వాత నన్ను చూశాడు. మొహం విప్పారింది.

"ఏం అబ్బయ్యా, గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందా?"

అక్కడే లేచి బొంగు ఎత్తాల్సింది. ఎత్తుదామనే అనుకున్నాను, ఒక రెండు నిమిషాలు ఆడి. ఫారం నింపాలి కూర్చోండి పెదనాయనా అన్నాను. రామనారాయణ ఫోను తీసి వీడియో పట్టాడు. కర్రలవాళ్ళు నలుగురూ వెనక చేరారు. వీడియోలో నా మొహం కదలకూడదు. ఊళ్ళో నాకున్న పేరు దాని మీదే ఆధారపడి ఉంది.

పేరు, ఊరు అడిగాను. చెప్పాడు. మా దేశంలో ఏం పని అని అడిగాను.

"మందను పిలవను వచ్చినా."

"గొర్రెలకి నువ్వేమవతావు?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "చుట్టాలమే," అన్నాడు. వెనక అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అంతవరకు బాగానే ఉంది.

పోయిన ఏడాది ఎన్ని పంటలు తీశావని అడిగాను. ఏడో నిబంధన ఆయన వెనకే ఉంది, పెద్దక్షరాల్లో, నేను పెట్టిన ఎర్రరంగులో. ఇప్పుడే చదివాడు కాబట్టి ఒకటే అంటాడనుకున్నాను. ఎవరైనా అంటారు.

"రెండు," అన్నాడు శీనయ్య.

వెనక నవ్వు ఆగిపోయింది. వాళ్ళకి రెండు పంటలు, మనకి తాగను లేవు అని ఒకడు మెల్లగా అన్నాడు. ఒకడు బొంగు మీద చెయ్యి వేశాడు. రామనారాయణ ఫోను దించకుండానే నాతో అన్నాడు.

"రూలంటే రూలే. ఈయనకి ఒప్పుకుంటే రేపు అందరికీ ఒప్పుకోవాల. ముద్దరెయ్యి కోటీ."

ముద్ర నా చేతిలోనే ఉంది. వేశాను. నా మొహం కదల్లేదు. వీడియోలో చూడొచ్చు.

శీనయ్య ఆ కాయితం తీసుకుని పూర్తిగా చదివాడు. ఇది ఆట అని ఆయనకు తెలియలేదని నాకప్పుడు అర్థమైంది. ఫ్లెక్సీ ఉంది, నంబరు ఉంది, ముద్ర ఉంది, బల్ల వెనక తన ఇంట్లో అన్నం తిన్న పిల్లోడు ఉన్నాడు. ఆ పిల్లోడు తనతో అబద్ధమెందుకు ఆడతాడు? సంచి ఒక్కటి లోపలికి పంపిస్తే చాలన్నాడు. దిగువ బియ్యం దిగుమతి లేదన్నాడు రామనారాయణ. శీనయ్య కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బండి తిప్పుకుంటూ నాతో ఒక్కమాటే చెప్పాడు.

"నేనొచ్చినానని మీ నాయనకి చెప్పు అబ్బయ్యా. లేకపోతే పిలవలేదనుకుంటాడు."

ఆ వీడియోను మూడు రోజుల్లో నాలుగు వేలమంది చూశారు. మెట్ట దేశానికి పేరొచ్చింది.

నాయనకు చెప్పలేదు.

చెబుదామనే ఇంటికి వెళ్ళాను. నాయన వాకిట్లో కొత్త కర్రకు నూనె రాస్తున్నాడు. కిందికి దిగే ముందు ప్రతి ఏడూ కొత్త కర్ర చేసుకుంటాడు. శీనయ్యన్న రేపో ఎల్లుండో వస్తాడని, ఈసారి షాపు మూసి నాలుగు రోజులు నువ్వు కూడా రావాలని అన్నాడు. ఆయన వచ్చాడు నాయనా అంటే, ఏడీ అని అడుగుతాడు. రేపు చెబుదామనుకున్నాను.

బొంగు దగ్గర ఉన్నవాళ్ళెవరూ నాయనకు చెప్పలేదు. దాచాలని కాదు, నేను చెప్పే ఉంటానని. నాయన దగ్గరా అమ్మ దగ్గరా ఉన్నవి బొత్తాల ఫోన్లు, వీడియోలు రావు. మీ నాయన ఏమన్నాడ్రా అని తిరుపాలు అడిగితే, నవ్వినాడు అని చెప్పాను.

మంద ముందర నిలబడి పిలవాలి కాబట్టి, శీనయ్య వచ్చే వేళకు మంద ఇంటి దగ్గరే ఉండాలి. అందుకని నాయన కొండ పక్కకు తోలడం మానేశాడు. ఎనభై రెండు గొర్రెలు దొడ్లో నిలబడి చుట్టం కోసం ఎదురుచూశాయి. నాయన తుమ్మకొమ్మలు నరికి తెచ్చి వేశాడు, తుమ్మకాయలు ఏరుకొచ్చి వేశాడు. అమ్మ కుంటలో చెలమ తీసి, బిందెలతో నీళ్ళు మోసింది. నేను ముఖం కడుక్కుని షాపుకు వెళ్ళాను.

శీనయ్య వెనక్కి పోయిన తొమ్మిదో రోజున నాయన తన ఫోను నా చేతికిచ్చాడు. ఆయన అంకెలు కూడా గుర్తుపట్టడు. ఎవరికి ఫోను చేయాలన్నా నేనే కలిపిపెట్టాలి, నాకు పదేళ్ళప్పటి నుంచీ అది నా పని.

"శీనయ్యన్నకి కలుపు. పిలుపు అడగను కాదు. మడిసి బాగుండాడో లేదో."

ఆయన ఎదురుగానే నిలబడి పది అంకెలూ నొక్కాను. పచ్చబొత్తం నొక్కలేదు. ఫోను చెవికి పెట్టుకుని కాసేపు ఆగాను. ఆగడం నాకు బాగా వచ్చు. ఏ ఆటకైనా అదే ప్రాణం.

"స్విచ్చాఫ్ నాయనా."

"మళ్ళా చెయ్."

మళ్ళీ ఆగాను. మళ్ళీ స్విచ్చాఫ్. నాయన ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. వేరే మందను కుదుర్చుకుని ఉంటాడు, మనకు చెప్పలేక ఆపేసుంటాడు అన్నాడు. శీనయ్య తరఫున ఆయనే సిగ్గుపడినట్టు తల వంచుకున్నాడు. ఇంకెవరి చేలోకైనా దిగుదామా అని అమ్మ అడిగితే, పిలవని చేలో మంద కట్టినోడు మా ఇంటిలో లేడు అన్నాడు.

రెండుసార్లు నేను బండెక్కాను. మొదటిసారి దుత్తలూరు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. రెండోసారి ఆత్మకూరు బస్టాండు దాకా వెళ్ళి నిమ్మసోడా తాగి తిరిగొచ్చాను. శీనయ్య ఇల్లు అక్కడికి మూడు కిలోమీటర్లు. సోడా బాగుంది.

మొదట, ఆ ఎనభై రెండు లెక్కలో ఇంకా చేరని గొర్రెపిల్లలు పోయాయి. ఒక పొద్దున నాలుగు, మర్నాడు ఆరు. నాయన వాటిని కొండ వారన పూడ్చి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దుత్తలూరు వ్యాపారికి కబురు పెట్టమన్నాడు. సగం పోతే మిగతా సగమన్నా బతుకుతాయన్నాడు.

వ్యాపారి లారీతో వచ్చాడు. తాను ఏరుకున్నవి మిగతా వాటితో కలవకుండా ఒక్కోదానికీ వీపు మీద ఎర్రరంగు వేయాలి. మామూలుగా గుడ్డతో అద్దుతారు. ఆ రోజు గుడ్డ కనపడలేదు. నాయన ఇంట్లోకి వెళ్ళి, గూట్లో ఉన్న నా చెక్కముద్ర పట్టుకొచ్చాడు. చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది బాగుండాది గదరా. నిండుగా పడతాది."

వద్దు నాయనా అని ఒక మాట అంటే, ఎందుకు అని అడుగుతాడు. నేను గొర్రెల మెడలు పట్టుకున్నాను. నాయన ముద్రను రంగులో ముంచి, ఒక్కోదాని వీపు మీద ఆనించి, నిదానంగా అదిమాడు. మా నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుక. కాయితం మీద పడినట్టే పడింది. గరిటె, మెట్ట దేశం, ప్రవేశం లేదు. నలభై అయిదుసార్లు. వ్యాపారి చదివి నవ్వి, మీ ఊరోళ్ళు గట్టోళ్ళబ్బా అన్నాడు. నాయన అది రంగు చక్కగా పడినందుకు మెచ్చుకోలు అనుకుని తలాడించాడు.

చివర్లో ఒక కుంటిదాన్ని వ్యాపారి వద్దన్నాడు. అది వీపు మీద ముద్రతో దొడ్లోకే తిరిగొచ్చింది. నలభై నాలుగు లారీ ఎక్కాయి. లారీ మలుపు తిరిగేదాకా నాయన చూడలేదు. గొర్రెలను అమ్మినప్పుడు ఆయన ఎప్పుడూ వీపు తిప్పుకునే ఉంటాడు. అమ్మ మాత్రం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ కొత్త కర్రను తీసుకెళ్ళి చూరులో దోపింది.

ఉగాది పోయింది. రామనారాయణకు పార్టీలో ఏదో మండల పదవి వచ్చింది, సరిహద్దు మీద ఆయనకు ఆసక్తి పోయింది. వెదురుబొంగును ఎవరో పెళ్ళిపందిరికి పట్టుకుపోయారు. ఫ్లెక్సీని అమ్మ దొడ్డి మీద నీడకు కప్పింది. మిగిలిన ముప్పై ఎనిమిది గొర్రెలు రాజ్యాంగం కింద పడుకున్నాయి. మట్టిదారి మొదట్లో రెండు కర్రలు మాత్రం నిలబడి ఉన్నాయి, మధ్యలో ఏమీ లేకుండా.

ఎదురుచూడటం మానేశాక నాయన మళ్ళీ మందను బయటికి తోలుతున్నాడు. ఒకరోజు షాపు మూసి నేనూ వెంట వెళ్ళాను. తారురోడ్డు అవతలి తుమ్మల్లోకి పోతున్నాం. రెండు కర్రల దగ్గరికి వచ్చేసరికి, అవతలి వైపు, ఎండలో, టీవీఎస్ బండి పక్కన శీనయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి. బొంగు లేదు, పందిరి లేదు, మనిషి లేడు. ఆ కర్రల మధ్య నుంచి లారీ పోవచ్చు. ఆయన దాటలేదు. పొద్దున తొమ్మిదికి వచ్చాడట. అప్పుడు పన్నెండు దాటింది.

"ఏందన్నా, ఇక్కడ నిలబడినావు?" అన్నాడు నాయన.

"ఆఫీసరు కోసరం," అని శీనయ్య నన్ను చూపించాడు.

సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, ఒక్కో కాయితమే నా చేతికిచ్చాడు. ఆధార్ జిరాక్సు. రేషన్ కార్డు. పాసుపుస్తకం. మంచివాడని పాస్టరు గారు రాసిచ్చిన లెటరు. వీఆర్వో దగ్గర రాయించుకొచ్చిన ఇంకొకటి. పోయిన ఏడాది రెండో పంట నీళ్ళు చాలక సగం ఎండిపోయింది గనుక దానిని ఒకటిన్నర పంటగా పరిగణించవలెను అని అందులో ఉంది. కింద నిజమైన ముద్ర ఉంది.

"కాయితాలకే నెల పట్టింది అబ్బయ్యా. రూలు రూలే, అన్నీ పక్కాగా ఉండాలని మీ పెద్దమ్మ అనింది." తర్వాత నాయన వైపు తిరిగాడు. "మడి ఎవురికీ ఇయ్యలేదు మునెయ్యా. ఇద్దురు వచ్చి అడిగినారు. నిన్ను పిలవను బయల్దేరినాంక ఇంకోరికి ఎట్టిస్తా. ఫోన్లో చెప్పే మాట గాదని ఊరుకుండా. నేనొచ్చి పోయినానని పిల్లోడు చెప్పినాడు గదా."

నాయన నా వైపు చూడలేదు. మంద వైపు చూశాడు.

శీనయ్య చివరగా జేబులోంచి నాలుగు మడతల కాయితం తీసి విప్పాడు. "దీని మీద, ఇంక రావచ్చునని ముద్దరెయ్యి," అన్నాడు.

మా దేశంలో ఆ ముద్ర లేదు. నేను చేయించలేదు.

నాయన చెయ్యి చాపి ఆ కాయితాన్ని తీసుకున్నాడు. చదువు రాదు కాబట్టి చూశాడు. కాయితాన్ని ఒకసారి తిప్పి, సరిగ్గా పట్టుకుని, మళ్ళీ చూశాడు. కుంటి గొర్రె ఎప్పటిలాగే అందరికన్నా వెనక వచ్చి ఆయన మోకాలి పక్కన నిలబడింది. నాయన వంగి, దాని వీపు మీద, ఎర్రముద్ర పక్కన, కాయితాన్ని పరిచాడు. గరిటె పక్కన గరిటె. గుండ్రం పక్కన గుండ్రం. నీలంది ఒకటి, ఎర్రది ఒకటి.

"ఈ గుర్తు ఎవురిదిరా?" అన్నాడు.

నాయన జీవితంలో ఈ ప్రశ్న అందరూ ఆయన్ను అడిగారు. ఆయన ఎవర్నీ అడగడం నేను వినలేదు.

"నాదే నాయనా."

తప్పిపోయిన గొర్రె ఎవరిదో తేలినప్పుడు ఎట్లా తలాడిస్తాడో అట్లాగే తలాడించాడు. కాయితాన్ని ఆ నాలుగు మడతల మీదే మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత పక్కకు జరిగాడు, శీనయ్యకు మంద కనపడేటట్టు.

శీనయ్య రెండు కర్రల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. గొర్రెలను చూశాడు. వాటి వెనక, దారిలో ఇంకా వస్తున్నాయేమోనని చూశాడు. రావడం లేదు. మిగతావి ఏవీ అని అడగబోయి నాయన మొహం చూసి ఆగిపోయాడు. తువ్వాలు నాయన భుజాన వేశాడు. గొంతు సవరించుకుని, "మా చేలోకి రండి," అన్నాడు, ముప్పై ఎనిమిదింటితో.

మర్నాడు పొద్దున్నే దిగారు. నాయన నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. చూరులోని కొత్త కర్రను తీసుకోలేదు, పాతదే పట్టుకెళ్ళాడు.

వానలు పడ్డాక తిరిగొచ్చాడు. కుంటిదాని వీపు మీద రంగు చాలావరకు పోయింది. నాయన నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. వాన గురించి, గొర్రెల మందుల గురించి, షాపు గురించి. తిట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. గొర్రెలు సగమైనా పని తగ్గినట్టు లేదు, పొద్దున్నే లేచి వెళ్ళిపోతాడు. నేను ఊరి గ్రూపులోంచి బయటికొచ్చాను. నా షాపులో ఇప్పుడు పెళ్ళిళ్ళకూ చావులకూ వేరువేరు ఆకాశాలు వాడుతున్నాను.

పోయిన వారం నాయనకు శీనయ్యతో ఏదో మాట్లాడాల్సి వచ్చింది. నేను వాకిట్లోనే, మెట్టు మీద, చేతిలో ఫోనుతో కూర్చుని ఉన్నాను. నాయన తన ఫోను జేబులోంచి తీశాడు. నేను చెయ్యి చాపాను, అలవాటు కొద్దీ. నన్ను దాటుకుని మెట్టు దిగి, మూడు వీధులు నడిచి, తిరుపాలు ఇంటికి వెళ్ళి నంబరు కలిపించుకుని వచ్చాడు.

"శీనయ్యన్న ఎత్తినాడు," అని అమ్మతో చెప్పాడు. "ఒక్క రింగుకే."